తొడ వెనక లాగుతోందా? స్ట్రెచింగ్ చేయాలా, నర్వ్ గ్లైడింగ్ చేయాలా

బెంగళూరులో మారతహళ్ళి నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి మూడేళ్ళు రోజూ క్యాబ్‌లో తిరిగితే నాకు మిగిలినవి రెండు. ఒకటి, సిల్క్ బోర్డు దాకా ఏ గుంత ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. రెండోది తొడ వెనక బిగుతు. సాక్సు వేసుకోవాలంటే మంచం మీద కూర్చుని కాలు మడిచి పైకి తెచ్చుకోవాల్సిందే, నిలబడి వంగితే చేతివేళ్ళు మోకాలు దాటి ఓ జానెడు కిందకి వచ్చి అక్కడే ఆగిపోయేవి.

అడిగిన ప్రతివాడూ "హ్యామ్‌స్ట్రింగ్స్ టైట్ అయ్యాయి, స్ట్రెచ్ చెయ్" అన్నాడు. చేశా. వెల్లకిలా పడుకుని, పాదానికి టవల్ తగిలించి, కాలు పైకి లాక్కోవడం, పొద్దున ఒకసారి రాత్రి ఒకసారి, ఎనిమిది నెలలు. అంగుళం కూడా రాలేదు. ఆ మధ్య జిమ్‌లో ట్రైనర్ ఒకతను, మంచోడే గానీ ఉత్సాహం ఎక్కువ, నా కాలు తన భుజాన పెట్టుకుని "ఇంకొంచెం సార్, ఇంకొంచెం" అని నొక్కాడు, ఆ రాత్రి నుంచి నాలుగు రోజులు తొడ నుంచి పిక్క దాకా చీమలు పాకినట్టే ఉండింది.

తర్వాత ఒక ఫిజియో దగ్గరికెళ్తే ఆమె స్ట్రెచింగ్ మొత్తం ఆపించేసి, కుర్చీలో కూర్చోబెట్టి, కాలూ తలా కలిపి ఊపే ఎక్సర్‌సైజ్ ఒకటి చెప్పింది. చూడ్డానికి గంగిరెద్దు తలూపినట్టు ఉంటుంది. దాన్నే నర్వ్ గ్లైడింగ్ అంటారు. రెండు వారాల్లో వేళ్ళు చీలమండ దగ్గరికి వచ్చేశాయి. ఇంకేముంది, నేను దీనికి ప్రచారకర్తనైపోయా, కనపడ్డోళ్ళందరికీ ఇదే చెప్పా, మా బావమరిదికి కూడా. వాడు నెల రోజులు చిత్తశుద్ధితో తలూపాడు, ఏమీ రాలేదు, చివరికి నేను తిట్టిపోసిన ఆ మామూలు స్ట్రెచింగ్‌తోనే వాడికి బాగైంది. అందుకే ఇది రాస్తున్నా. రెండిట్లో ఏది గొప్ప అనేది తప్పు ప్రశ్న, మీ కాల్లో లాగేది ఏది అనేది ముందు తేలాలి.

మన భాషలోనే ఒక తిరకాసు ఉంది

మనం "నరం" అనే మాట దేనికి పడితే దానికి వాడేస్తాం. రాత్రి పిక్క పట్టేస్తే "నరం పట్టేసింది" అంటాం, అది కండ. సూది వేసేటప్పుడు "నరం దొరకట్లేదు" అంటారు, అది రక్తనాళం. మోకాలి వెనక రెండు పక్కలా తాడులా చేతికి తగిలేదాన్ని కూడా నరమే అంటాం, అది కండని ఎముకకి కట్టే స్నాయువు. ఇక నిజమైన నరం, అంటే మెదడు నుంచీ వెన్ను నుంచీ కబుర్లు మోసేది, దానికీ అదే మాట. అందుకని "నరం లాగుతోంది" అని ఎవరన్నా చెప్తే దాంట్లో సమాచారం ఏమీ లేనట్టే. ఇక్కడ నేను నరం అన్న ప్రతిసారీ ఆ చివర చెప్పిందే అనుకోండి.

తొడ వెనక ఏముందో రెండు ముక్కల్లో. హ్యామ్‌స్ట్రింగ్ అనేది ఒక కండ కాదు, మూడు. కూర్చున్నప్పుడు కుర్చీకి ఆనే ఎముక దగ్గర మొదలై, మోకాలు దాటి కింద అతుక్కుంటాయి. వాటి పక్కనే, వాటి మధ్యగా సయాటిక్ నరం దిగుతుంది, ఒంట్లో ఇంత లావు నరం ఇంకోటి లేదు. నడుము కింది భాగంలో వెన్ను నుంచి పుట్టి, పిరుదు లోపలగా వచ్చి, తొడ వెనక దిగి, మోకాలికి కొంచెం పైన రెండుగా చీలి పాదం దాకా పోతుంది. కాలు చాచి ముందుకి వంగితే కండా సాగుతుంది, నరమూ సాగుతుంది. రెండూ ఒకే చోట, ఒకే భంగిమలో లాగుతాయి, అసలు గందరగోళం అంతా ఇక్కడే.

కండ సాగడానికి పుట్టింది. నరం అలా కాదు, దానికి సాగడం కంటే జారడం ఇష్టం, చుట్టూ ఉన్న గొట్టంలో ముందుకీ వెనక్కీ కదలాలి. కుందేళ్ళ మీద చేసిన పాత ప్రయోగాల్లో నరం దాని పొడవులో 8 శాతం సాగేసరికి దాంట్లో రక్త ప్రసరణ దెబ్బతినడం మొదలై, 15 శాతం దగ్గర పూర్తిగా ఆగిపోయింది. పట్టుకుని బిగించి ఉంచితే కండకి మంచిది కావచ్చు, నరానికి మాత్రం ఊపిరాడదు.

ఎంచుకునే ముందు ఏం చూసుకోవాలి

నా లెక్కలో అన్నిటికంటే పెద్దది ఒకటే: బిగుతుగా అనిపించేది కండా నరమా. మిగతావి దాని తర్వాతే. ఫలితం ఎంత తొందరగా కావాలి, ఎన్నాళ్ళు నిలవాలి, తప్పుగా చేస్తే ఎంత దెబ్బ, ఆఫీసులో కుర్చీలో చేసుకోగలమా లేక చాప పరవాల్సిందేనా, దాంతోపాటు పరుగు గానీ ఆట గానీ ఉందా. ఖర్చు గురించి మాట్లాడక్కర్లేదు, రెండూ ఉచితమే, ఒక కుర్చీ ఒక గోడ చాలు.

మొదటిది తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది, ఫిజియోలు స్లంప్ టెస్ట్ అంటారు. మా ఇంట్లో డైనింగ్ టేబుల్ దగ్గర బావమరిదికి చేయించింది చెప్తా.

కుర్చీలో తొడలు పూర్తిగా ఆనేట్టు కూర్చోబెట్టా. చేతులు వెనక్కి కట్టుకోమన్నా. "ఇప్పుడు కూలబడు, పరీక్ష తప్పినోడి లాగా" అన్నా. వీపు గూనిలా వంచి, గడ్డం ఛాతీకి ఆనించాడు. అలాగే ఉండి ఒక కాలు మెల్లగా చాపమన్నా, పాదం తన వైపుకి వంచి. సగం చాపేసరికి "బావా, లాగుతాంది, ఆపేస్తా" అన్నాడు. సరే, కాలు అక్కడే ఉంచు, కదల్చొద్దు, ఇప్పుడు తల ఒక్కటే ఎత్తి ఫ్యాను చూడు అన్నా.

చూశాడు. "ఏంది, ఏమీ మారలే."

అదే పరీక్ష నాకు చేసినప్పుడు తల ఎత్తగానే మోకాలి వెనక లాగుడు సగానికి సగం పోయింది, కాలు ఇంకో జానెడు చాపగలిగా. హ్యామ్‌స్ట్రింగ్ తలకి అతుక్కుని లేదు కదా. తల ఎత్తితే మోకాలి వెనక నొప్పి తగ్గిందంటే వెన్నులోంచి పాదం దాకా ఒకే తాడులా ఉన్నదేదో సడలింది, అది నరమే. వాడి కాల్లో లాగేది కండ, నా కాల్లో నరం. ఇది తెలియక నేను వాడికి నా మందు ఇచ్చా.

దీంట్లో ఒక జాగ్రత్త. ఈ పరీక్షలో ఏ జబ్బూ లేనివాళ్ళక్కూడా కొంచెం లాగుతుంది, తల ఎత్తితే కొంచెం తగ్గుతుంది, అది మామూలే. చూడాల్సింది మీకు రోజూ ఇబ్బంది పెట్టే ఆ లాగుడే ఇక్కడా వస్తోందా, రెండు కాళ్ళ మధ్యా తేడా ఉందా, తల ఎత్తినప్పుడు బాగా మారుతోందా అని. ఇంకో గుర్తు, ఫీలింగ్. కండ అయితే తొడ మధ్యలో బరువుగా, మొద్దుగా, సాగుతున్నట్టు తెలుస్తుంది, కొంచెం హాయిగా కూడా ఉంటుంది. నరం అయితే మోకాలి వెనకో పిక్కలోనో పాదంలోనో సన్నగా గీత గీసినట్టు, జివ్వుమని, చీమలు పాకినట్టు, సూదులు గుచ్చినట్టు ఉంటుంది, హాయి అనేది ఉండదు.

స్టాటిక్ స్ట్రెచింగ్

అంటే కండని సాగదీసి కదలకుండా పట్టుకుని ఉండటం. దీనికి ఉన్న మంచి పేరు ఊరికే రాలేదు, ఏళ్ళ తరబడి దీని మీద పరిశోధనలు జరిగాయి. 1994లో బ్యాండీ, ఇరియన్ అనే ఇద్దరు వారానికి అయిదు రోజుల చొప్పున ఆరు వారాలు హ్యామ్‌స్ట్రింగ్ సాగదీయించి చూశారు, 15 సెకన్లు, 30 సెకన్లు, 60 సెకన్లు పట్టుకునే గ్రూపులు. 30కీ 60కీ తేడా రాలేదు, 15 మాత్రం వాటితో తూగలేదు. కాబట్టి పళ్ళు బిగించి రెండేసి నిమిషాలు పట్టుకునేవాళ్ళు ఆ టైములో కాఫీ తాగొచ్చు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ వాళ్ళు చెప్పేది కూడా ఇంచుమించు ఇదే, ఒక్కోసారి 10 నుంచి 30 సెకన్లు, ఒక కండకి మొత్తం 60 సెకన్లు, వారానికి కనీసం రెండు మూడు రోజులు, పెద్ద వయసు వాళ్ళయితే 30 నుంచి 60 సెకన్లు పట్టుకోవచ్చు.

నాకు నచ్చిన పద్ధతి గుమ్మం దగ్గర చేసేది. గుమ్మం మధ్యలో వెల్లకిలా పడుకుని, ఒక కాలు గుమ్మంలోంచి నేల మీద చాపి, రెండో కాలు తలుపు ఫ్రేముకి ఆనించి పైకి పెట్టాలి. పిరుదులు ఫ్రేముకి ఎంత దగ్గరైతే అంత సాగుతుంది. పాదం వదులుగా వేలాడాలి. 30 సెకన్లు, మళ్ళీ ఒకసారి, అంతే. దీంట్లో నడుము మీద భారం లేదు, ఫోన్ చూసుకోవచ్చు, ఇంట్లోవాళ్ళు మనల్ని దాటుకుంటూ పోవాల్సి రావడం ఒక్కటే ఇబ్బంది.

ఇక నా టవల్ సంగతి. ఎనిమిది నెలలు నేను చేసిన తప్పు ఏంటో చాలా ఆలస్యంగా అర్థమైంది. టవల్ పాదం మధ్యకో వేళ్ళ దగ్గరకో తగిలించి లాగితే పాదం మన వైపుకి వంగుతుంది. హ్యామ్‌స్ట్రింగ్ చీలమండ దాకా పోదు, కాబట్టి పాదం వంచడం వల్ల దానికి ఒరిగేదేమీ లేదు, అదనంగా సాగేది పిక్కా, నరమూ. దానికి తోడు నేను దిండు మీద తల ఎత్తి పెట్టి గడ్డం దించి మరీ చేసేవాణ్ణి. అంటే కండ పేరు చెప్పి నరాన్ని రెండు కొసలా పట్టి లాగి, అర నిమిషం బిగించి ఉంచా. రోజుకి రెండు పూటలా. టవల్‌ని తొడ వెనకో మడమ పైనో పట్టుకుని పాదం వదిలేసి ఉంటే ఇంత కథ ఉండేది కాదేమో.

స్ట్రెచింగ్‌లో ఇంకో రెండు సంగతులు. పరుగుకో ఆటకో ముందు ఒక్కో కండని నిమిషం దాటి పట్టుకుంటే ఆ కాసేపు బలం, వేగం తగ్గుతాయి, కాబట్టి అది తర్వాతకో వేరే పూటకో పెట్టుకోవాలి. వర్కౌట్ తర్వాత స్ట్రెచ్ చేస్తే మర్నాడు ఒళ్ళునొప్పులు రావు అనేది మాత్రం ఒట్టి నమ్మకం, తేడా పెద్దగా ఉండదు.

నర్వ్ గ్లైడింగ్

దీంట్లో పట్టుకోవడం ఉండదు, కదలడమే. నరాన్ని ఒక కొస దగ్గర లాగుతూ రెండో కొస దగ్గర వదలడం, మళ్ళీ తిరగేసి. బావిలో గిలక మీద చేదతాడు అటూ ఇటూ జారినట్టు.

కుర్చీలో ఎలాగంటే, పైన చెప్పిన టెస్ట్ లాగే కూర్చోండి, వీపు కొంచెం వదులుగా. కాలు చాపేటప్పుడు తల పైకెత్తి సీలింగ్ చూడాలి. కాలు మడిచేటప్పుడు గడ్డం దించాలి. ఒక్కో వైపుకి రెండు సెకన్లు, ఎక్కడా ఆగకుండా. 10 నుంచి 15 సార్లు, కొంచెం ఆగి మళ్ళీ, రెండు మూడు దఫాలు. లాగుడు మొదలయ్యే చోటికి కాస్త ముందే వెనక్కి రావాలి, ఇది మన జనానికి అన్నిటికంటే కష్టం, నొప్పి లేకపోతే చేసినట్టే అనిపించదు మనకి. దీంట్లో "ఏమీ తెలియలేదే" అనిపిస్తే సరిగ్గా చేస్తున్నట్టు.

పడుకుని చేసేదీ ఉంది. వెల్లకిలా పడుకుని తొడ వెనక రెండు చేతులతో పట్టుకుని, మోకాలు చాపేటప్పుడు పాదం వేళ్ళు దూరంగా చాచడం, మడిచేటప్పుడు వేళ్ళు మన వైపుకి వంచడం. మెడ నొప్పి ఉన్నవాళ్ళకి ఇదే మేలు.

ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా, వీడియోల్లో సగం మంది చెప్పరు. పైన చెప్పింది స్లైడర్. ఇంకోటి టెన్షనర్ అని ఉంది, దాంట్లో కాలు చాపేటప్పుడే గడ్డం కూడా దించుతారు, రెండు కొసలూ ఒకేసారి లాగుతారు. చూడ్డానికి దాదాపు ఒకేలా ఉంటాయి, నరానికి మాత్రం చాలా తేడా, స్లైడర్‌లో నరం ఎక్కువ దూరం జారుతుంది, తక్కువ సాగుతుంది. ఫిజియో చెప్తే తప్ప సొంతంగా టెన్షనర్ జోలికి పోవద్దు. వీడియో చూసి చేసేవాళ్ళు ఒక్కటే గమనించండి, కాలు పైకొచ్చినప్పుడు తల పైకి పోతోందా కిందికి పోతోందా.

పనిచేస్తుందా అంటే, 2014లో వచ్చిన ఒక స్టడీలో హ్యామ్‌స్ట్రింగ్స్ బిగుతుగా ఉన్న 120 మందిని మూడు గ్రూపులు చేసి ఒకళ్ళకి స్లైడర్, ఒకళ్ళకి స్ట్రెచింగ్, ఒకళ్ళకి ఉత్తుత్తి చికిత్స ఇచ్చారు. కాలు నిటారుగా ఎంత పైకి లేస్తుందో ముందూ తర్వాతా కొలిస్తే స్లైడర్ వాళ్ళకే ఎక్కువ పెరిగింది, స్ట్రెచింగ్ వాళ్ళకి దానికంటే తక్కువ. వినడానికి ఇది ఏకపక్షంగా ఉంది గానీ కొలిచింది చేసిన వెంటనే. ఆరు నెలల తర్వాత సంగతి వేరే ప్రశ్న.

అసలు కిటుకేంటంటే మొదటి కొన్ని వారాల్లో రెండిట్లోనూ కండ పొడవు పెరగడం వల్ల వచ్చే లాభం పెద్దగా లేదు. 2010లో వెప్లర్, మాగ్నుసన్ అనేవాళ్ళు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ ముందేసుకుని తేల్చింది ఇదే, మనం వంగగలిగే దూరం పెరుగుతోందంటే ఎక్కువగా ఆ లాగుడుని ఓర్చుకునే హద్దు జరుగుతోందని. మెదడు "ఇక్కడిదాకా పర్లేదు" అని ఒప్పుకునే గీత అది. స్ట్రెచింగ్ ఆ గీత దగ్గర కూర్చుని అలవాటు చేస్తుంది, గ్లైడింగ్ గీత దాటకుండా భయం పోగొడుతుంది. బెదిరిపోయిన ఆవుని తాడు పట్టి లాగితే కాళ్ళు తన్నిపెట్టి నిలబడుతుంది, మెడ నిమిరితే నాలుగడుగులు వేస్తుంది, నా నరం ఆ ఆవు. మా బావమరిదిది దున్నపోతు, దాన్ని లాగాల్సిందే.

పక్కపక్కన పెడితే

| చూడాల్సింది | స్టాటిక్ స్ట్రెచింగ్ | నర్వ్ గ్లైడింగ్ (స్లైడర్) |
|---|---|---|
| ఎవరికి సరిపోతుంది | తొడ మధ్యలో మొద్దుగా లాగేవాళ్ళకి | మోకాలి వెనక, పిక్కలో జివ్వుమనేవాళ్ళకి |
| తల ఎత్తితే | లాగుడు మారదు | లాగుడు బాగా తగ్గుతుంది |
| ఎంతసేపు | 30 సెకన్లు, రెండు సార్లు | ఆగకుండా 10-15 సార్లు, 2-3 దఫాలు |
| ఎంత లాగాలి | గట్టిగా తెలియాలి, నొప్పి కాదు | దాదాపు ఏమీ తెలియకూడదు |
| ఫలితం | నాలుగు నుంచి ఆరు వారాలు ఓపిక పట్టాలి | పనిచేసేదైతే మొదటి వారాల్లోనే తెలుస్తుంది |
| పరుగుకి ముందు | ఎక్కువసేపు వద్దు | చేసుకోవచ్చు |
| తప్పుగా చేస్తే | కండ పట్టడం, నరం రేగడం | తిమ్మిరి ఎక్కువై మర్నాటిదాకా ఉండటం |
| ఆఫీసులో | కష్టం | కుర్చీలోనే, పక్కోళ్ళు చూస్తారంతే |

"ఫలితం" అనే వరుస కింద ఒక మాట చేర్చాలి. గ్లైడింగ్ మూడు వారాలు సరిగ్గా చేసినా ఏ మార్పూ లేదంటే ఇంకో మూడు నెలలు చేసినా రాదనే నా అనుమానం, వదిలేయండి. స్ట్రెచింగ్‌ని మాత్రం రెండు వారాలకే తీసేయొద్దు.

మరి మీరు ఏ రకం?

రోజంతా కుర్చీ, ఆ పైన అవుటర్ రింగ్ రోడ్డు మీద గంటన్నర క్యాబ్, వంగితే మోకాలి వెనక సన్నగా లాగుడు, ఎప్పుడైనా నడుము నొప్పి చరిత్ర కూడా ఉంది అంటే ముందు స్లైడర్‌తో మొదలుపెట్టండి. రెండు గంటలకోసారి లేచి ఒక దఫా. స్ట్రెచింగ్ కావాలనిపిస్తే రెండు వారాల తర్వాత, పాదం వదులుగా పెట్టి.

ఆదివారం కబ్బన్ పార్కులోనో లాల్‌బాగ్‌లోనో పరిగెత్తేవాళ్ళకి, తొడ మధ్యలో బరువుగా బిగుతు ఉంటే, స్ట్రెచింగే, కానీ పరుగయ్యాక లేదా సాయంత్రం. పరిగెత్తే ముందు నడక, కాళ్ళు ఊపడం, మెల్లగా జాగింగ్ చాలు. పరిగెత్తేటప్పుడు తొడ వెనక కలుక్కుమని కమిలిందనుకోండి, అప్పుడు ఈ రెండూ కాదు, అది కండ చిరగడం కావచ్చు, చూపించుకోవాలి.

కూర్చుంటే ఎముక దగ్గరే నొప్పి, తొడ పైభాగంలో పిరుదు మడత దగ్గర, ఎక్కువసేపు స్కూటర్ సీటు మీద కూర్చుంటే మరీ ఎక్కువ, ఇలాంటివాళ్ళు స్ట్రెచింగ్‌కి దూరంగా ఉండండి. అక్కడ హ్యామ్‌స్ట్రింగ్ స్నాయువు ఎముకకి ఒత్తుకుని రేగి ఉండొచ్చు, ముందుకి వంగి సాగదీసిన కొద్దీ ఇంకా ఒత్తుకుంటుంది. బాగా లాగుతోంది కాబట్టి బాగా పనిచేస్తోంది అనుకుని నెలల తరబడి పుండుని గోకినట్టు గోకేవాళ్ళని చూశా.

చేతులు నేలకి పూర్తిగా ఆనతాయి, అయినా "టైట్‌గా ఉంది" అనేవాళ్ళు ఉంటారు, చిన్నప్పటి నుంచి డాన్స్ చేసినవాళ్ళల్లో ఎక్కువ. మీకు రెండూ అక్కర్లేదు, బలం కావాలి. నిజానికి బలం అందరికీ కావాలి. కండ సాగుతూ బరువు మోసే వ్యాయామం, అంటే మోకాళ్ళు కొంచెం మడిచి, వీపు నిటారుగా, పిరుదులు వెనక్కి నెడుతూ వంగి లేచే రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ లాంటిది, స్ట్రెచింగ్‌తో సమానంగా వంగడాన్ని పెంచుతుంది, పైగా వచ్చింది నిలబడుతుంది. జిమ్ లేకపోతే అయిదు కిలోల సోనా మసూరి సంచి చాలు. నీళ్ళ క్యాన్‌తో మొదలుపెట్టకండి, అది 20 లీటర్లు, అంటే 20 కిలోలు, మొదటి రోజే నడుము పట్టుకుని కూర్చుంటారు. ఇప్పటికీ నన్ను నిలబెట్టింది ఈ బియ్యం సంచే, గ్లైడింగ్ తలుపు తీసిందంతే.

రాత్రి స్లీపర్ బస్సులో అనంతపురమో నెల్లూరో పోయొచ్చి పొద్దున్నే కాళ్ళు కర్రల్లా ఉన్నాయంటే ముందు పది నిమిషాలు నడవండి. దిగీ దిగగానే వంగి కాలివేళ్ళు పట్టుకోవాలని చూడొద్దు.

ఇంట్లో పెద్దవాళ్ళు, షుగర్ ఉన్నవాళ్ళు. మా నాన్న "నాకూ చెప్పరా ఆ తలూపుడు" అన్నాడు. ఆయనకి పదిహేనేళ్ళుగా షుగర్, పాదాల్లో స్పర్శ తక్కువ. గ్లైడింగ్ మొత్తం నడిచేది "తిమ్మిరి మొదలైతే ఆపు" అనే నియమం మీద, అసలు స్పర్శే సరిగ్గా లేనివాళ్ళకి ఆ అలారం మోగదు. ఆయన్ని ముందు డాక్టర్ దగ్గరికే తీసుకెళ్ళా, ఆయన విసుక్కుంటూనే వచ్చాడు.

డిస్క్ జారిందని ఇప్పటికే స్కాన్‌లో తేలినవాళ్ళు, ఇప్పుడిప్పుడే నొప్పి ముదిరి కూర్చోలేకపోతున్నవాళ్ళు, ఇక్కడ రాసింది చదివి ఏదీ మొదలుపెట్టకండి. చూసేవాళ్ళు చెప్పాలి. ఇంకా, రెండు కాళ్ళూ ఒకేసారి బలహీనం కావడం, పాదం పైకి ఎత్తలేక ఈడ్చుకుంటూ నడవడం, తొడల మధ్య, మలద్వారం చుట్టూ మొద్దుబారడం, ఒంటేలు రాకపోవడం లేదా తెలియకుండా పోవడం, వీటిల్లో ఏదైనా ఉంటే అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు, ఆ రోజే ఎమర్జెన్సీకి పోవాలి, రాత్రయినా సరే.

రెండూ కలిపి చేయొచ్చా అని అడుగుతారు. చేయొచ్చు, పరీక్షలో అటూ ఇటూ కాకుండా వచ్చినవాళ్ళకి అదే మంచిది. వరుస మాత్రం స్లైడర్ ముందు, స్ట్రెచ్ తర్వాత. మొదటి వారం ఒక్కటే చేయండి, లేకపోతే దేనివల్ల తగ్గిందో దేనివల్ల పెరిగిందో తెలియదు. కొలత కోసం గోడ మీద పెన్సిల్ గీత చాలు. గుమ్మం దగ్గర పడుకుని కాలు ఎత్తినప్పుడు మడమ ఎక్కడిదాకా వచ్చిందో ఆదివారం ఆదివారం గీసుకుంటూ పోండి, అద్దె ఇల్లయితే డిపాజిట్ గుర్తుపెట్టుకుని మెల్లగా గీయండి.

నేను ఇప్పుడు పొద్దున గ్లైడింగ్ ఇంట్లో చేయను, ఎలాగూ సిల్క్ బోర్డు సిగ్నల్ దగ్గర బండి కదలదు, ముందు సీటు ఖాళీగా ఉంటే దాన్ని జరిపించుకుని వెనక సీట్లోనే ఒక దఫా అయిపోతుంది. కాలు చాపి తల పైకి, కాలు మడిచి తల కిందికి. మొన్న కొత్త డ్రైవర్ వచ్చాడు, అద్దంలోంచి కాసేపు చూసి, "ఏన్ సార్, కత్తు నోవా?" అన్నాడు. మెడ కాదు, కాలు నొప్పి అన్నా. ఇంకోసారి అద్దంలోకి చూసి, ఏమనుకున్నాడో, ఏసీ కొంచెం పెంచాడు.